రెండో చెయ్యి

మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లో సగం భవనాల్లో జనం పైకీ కిందికీ క్షేమంగా తిరుగుతున్నారంటే అది ఆయన చేతి చలవే. బిగించిన బోల్టునే మళ్లీ బిగిస్తాడు, వేసిన గొళ్లేన్నే మళ్లీ లాగి చూస్తాడు. వదిన పాలు దించి గ్యాసు కట్టేస్తే, ఈయన వెనకాలే వెళ్లి ఆ మీట మీద ఓసారి చెయ్యి వేసి వస్తాడు. వదిన మొదట్లో తిట్టేది, తర్వాత నవ్వేది, ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది. తోటి పనివాళ్లు ఆయన్ని జాగ్రత్తపరుడంటారు. నేను అనను. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, అది జాగ్రత్త కాదు, భయం. ఆ భయానికి ఒక పేరు కూడా ఉంది. మిడత.

మిడత బేకరీ పిన్ని కొడుకు. అసలు పేరు వేరే ఉండేది, బళ్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ దానితో పని పడలేదు. నిలుచున్న చోట నిలువకుండా ఎగిరేవాడు కాబట్టి మిడత. మెట్లుంటే దూకడమే తప్ప దిగడం తెలియదు. వాడూ మా అన్నయ్యా ఒకే ఈడు, ఒకే బెంచీ, ఒకే వీధి. సాయంత్రమైతే అన్నయ్య మా ఇంట్లో కంటే ఆ బేకరీ వెనక గదిలోనే ఎక్కువ కనిపించేవాడు. పొయ్యి పక్కన పిండి బస్తాల మీద కూర్చుని ఇద్దరూ వేడి బన్నులు తింటూ ఉండేవాళ్లు. “వీణ్ణి మాకు దత్తతిచ్చెయ్యండి, ఎలాగూ తిండి మాదే” అని పిన్ని మా అమ్మతో అంటుండేది.

అప్పటిదాకా మాకు సైకిలంటే పెద్దవాళ్ల ఎత్తు సైకిలే. ఫ్రేము సందులోంచి కాలు దూర్చి, ఒళ్లంతా వంకర తిప్పి తొక్కేవాళ్లం. అలాంటి రోజుల్లో బీఎంఎక్స్ సైకిళ్లు వచ్చాయి. చిన్న చక్రాలు, ముళ్లముళ్ల టైర్లు, హ్యాండిలు మధ్య కమ్మీకి చుట్టిన స్పాంజి దిండు, దాని ముందు ఒక నంబరు పలక. ఆ నంబర్లకి అర్థమేమీ లేదు. అయినా ఎవరి నంబరు గొప్పదని వారాల తరబడి పోట్లాడుకునేవాళ్లు. మిడతది పసుపు సైకిలు, అన్నయ్యది నీలం. మడ్‌గార్డులుండవు కాబట్టి వానాకాలంలో వెనక చక్రం చిమ్మిన బురద చొక్కా మీద నడుము నుంచి మెడ దాకా నిలువు గీతలా పడేది. ఎక్కడికి వెళ్లావని మా అమ్మ అడిగే అవసరమే ఉండేది కాదు. వెనక్కి తిరగమనేది, అంతే.

వాళ్లు వెళ్లేది సిమెంటు గొట్టాల కార్ఖానాకి. అది మూతపడి చాలాకాలమైంది. మనిషి నిలబడి నడవగలిగేంత గొట్టాలు గడ్డిలో అడ్డదిడ్డంగా పడి ఉండేవి. గట్టిపడిన ఇసుక దిబ్బకి ఒక పాత తలుపు ఆనించి, దాని మీది నుంచి సైకిళ్లతో గాల్లోకి లేచేవాళ్లు. నేల విడిచి సాము చెయ్యొద్దని నాన్న పొద్దస్తమానం చెప్పేవాడు. సరిగ్గా అదే చెయ్యడానికి వీళ్లు రోజూ హోంవర్కు ఎగ్గొట్టేవాళ్లు. నాకు ముందు బుట్ట ఉన్న సైకిలుండేది. దాంతో తలుపు ఎక్కుతానంటే నవ్వారు. గొట్టం మీద కూర్చుని చూడ్డమే నా పని. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

వాళ్లకి ఒక నియమం ఉండేది. ఎవడి సైకిలు వాడు బిగించుకోకూడదు. ఒకసారి మిడత తనే బిగించుకున్న పెడలు గాల్లో ఉండగా ఊడిపోయింది. మోకాలు చిట్లింది, ఆ మోకాలు పట్టుకునే వాడు ఈ నియమం పెట్టాడు. ఎవడి సైకిలు వాడికి ముద్దు కాబట్టి దాని లోపం వాడి కంటికి ఆనదని వాడి వాదన. అందుకని దూకే ముందు పక్కవాడు స్పానర్ తీసుకుని ప్రతి బోల్టూ చూడాలి. దీనికి ‘రెండో చెయ్యి’ అని పేరు. చూసిన గుర్తుగా బోల్టు తల మీది నుంచి పక్క ఇనుము మీదికి గోళ్లరంగుతో ఒక సన్నని గీత గీయాలి. బోల్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. మంచి ఆలోచనే. గోళ్లరంగు మాత్రం నాది. నా గోళ్ల కంటే వాళ్ల బోల్టులకే ఎక్కువ ఖర్చయింది.

మిడతకి రెండో చెయ్యి ఎప్పుడూ మా అన్నయ్యే. అన్నయ్యకి మిడత.

ఆ రోజు మధ్యాహ్నం కూడా నేను గొట్టం మీదే కూర్చున్నాను. అన్నయ్య వాడి సైకిలు బిగించాడు, హ్యాండిలు మధ్యలో ఉండే పెద్ద బోల్టు మీద ఎర్ర గీత గీశాడు, ఊది ఆరబెట్టాడు. మిడత కార్ఖానా చుట్టూ రెండు మూడు చుట్లు కొట్టి వచ్చి తలుపు ఎక్కాడు. అందరికంటే ఎత్తు లేచాడు. దిగేటప్పుడు హ్యాండిలు పక్కకి తిరిగింది, దాంతో పాటు ముందు చక్రం తిరగలేదు. వాడు హ్యాండిలు మీదుగా వెళ్లి ఎదురుగా ఉన్న గొట్టం అంచు మీద పడ్డాడు. అరుపు కూడా లేదు. బోర్లా పడిన సైకిలు వెనక చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది, టిక్కు టిక్కుమంటూ, నెమ్మదిస్తూ. అది పూర్తిగా ఆగేదాకా అన్నయ్య కదల్లేదు. ఆ తర్వాత పరుగెత్తాడు.

వాడు మళ్లీ కళ్లు తెరవలేదు.

ఏడ్చాం. నేను ఎంత ఏడ్చానో అన్నయ్యకి కూడా తెలియదు, ఎందుకంటే వాడంటే నాకు ఇష్టమని నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఇష్టమే. ఆ తర్వాత అన్నయ్య నీలం సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. బేకరీ ఉన్న వీధిలోకి మళ్లీ వెళ్లలేదు. వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి మార్కెట్ మీదుగా వెళ్లేవాడు. పెళ్లయింది, కూతురు పుట్టింది, జుట్టు నెరిసింది, ఆ చుట్టుదారి మాత్రం మారలేదు. అడిగితే ఒకే మాట. “నేను సరిగ్గా బిగించలేదు.”

నేను వాదించేదాన్ని. వాడికి చేతులు ఊరుకోవు కదా, నువ్వు బిగించాక హ్యాండిలు కాస్త ఎత్తు చేసుకుందామని వాడే విప్పి ఉంటాడు అనేదాన్ని. అన్నయ్య వినేవాడు. విని, నాకు చూపించు అనేవాడు. ఏం చూపిస్తాను? సైకిలు బేకరీ వెనక గదిలో, పిండి సంచి కప్పి, గోడకి వేలాడుతూ ఉండేది. పిన్ని దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

లిఫ్టు పైన, మిషన్ గదిలో, ఒక చక్రం ఉంటుంది. లిఫ్టు వేగం హద్దు దాటకుండా అది కాపలా కాస్తుంది. అది తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమంటుంది. ఈ సంగతి అన్నయ్యే ఒకసారి నాకు చెప్పాడు, పట్టపగలు, మా దర్జీ దుకాణంలో, నేను బడిపిల్లల యూనిఫాంకి గుండీలు కుడుతుంటే. లిఫ్టు ఆగబోతున్నప్పుడు ఆ టిక్కులు నెమ్మదిస్తాయట. అవి పూర్తిగా ఆగేదాకా తను కిందికి చూడలేడట. చూస్తే అడుగున, ఆ చీకట్లో, వాడు బోర్లా పడి ఉంటాడనిపిస్తుందట. ఇన్నేళ్లుగా రోజూ అదే పని, అదే చప్పుడు. వేరే ఉద్యోగం చూసుకోకూడదా అని కసిరాను. ఏ ఉద్యోగం చూసుకున్నా బోల్టులుండవా అన్నాడు. కోపం వచ్చి దారం పుటుక్కున తెంచాను.

మొన్నామధ్య ఆయన కూతురు సైకిలు కావాలని పేచీ పెట్టింది. కుదరదన్నాడు. అది నా మేనకోడలు కదా, ఊరుకుంటుందా? స్నేహితురాలి సైకిలు తొక్కి మోచెయ్యి గీరుకుని వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గుమ్మంలో కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని, ఆ గీరుకున్న చోటే పదేపదే తడుముతూ ఉండిపోయాడు. అది బెదిరిపోయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “నాన్న నన్ను కాకుండా ఇంకెవర్నో చూస్తున్నట్టు చూశాడు అత్తా” అంది. ఆయన భయం ఆయనతో పోతుందనుకున్నాను. ఇప్పుడది పిల్లకి అంటుకుంటోంది. ఆ బోల్టు సంగతేదో తేలితే తప్ప ఈ ఇంట్లో ఎవరికీ ఊపిరాడదని ఆ రోజే అనుకున్నాను.

బేకరీ పిన్ని దగ్గరికి నేను వెళుతూనే ఉన్నాను. బ్రెడ్డు కాగితంలో చుడుతూ ప్రతిసారీ అడుగుతుంది, అన్నయ్య ఎలా ఉన్నాడని. ఈ మాట ఒకసారి అన్నయ్యకి చెబితే మొహం నల్లబడింది. అడుగుతోందంటే మర్చిపోలేదనేగా అన్నాడు. మళ్లీ చెప్పలేదు నేను. పోయినవారం ఆవిడ వేరే కబురు చెప్పింది. ఒంట్లో ఓపిక అయిపోయింది, బేకరీ మూసేసి ఇంకో ఊళ్లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. సామాను కోసం లారీ మాట్లాడింది.

“ఆ సైకిలు మీ ఇంటికి తీసుకుపో అమ్మాయ్. నాతో తీసుకెళ్లి ఎక్కడ పెట్టను? పాత ఇనుము కింద వెయ్యడానికి చేతులు రావు” అంది.

తీసుకొచ్చాను. టైర్లు ఎప్పుడో ఎండి చీలిపోయాయి, వట్టి ఇనుప అంచుల మీద నడిపించుకుంటూ వచ్చాను. పసుపు రంగు మాసిపోయింది, స్పాంజి దిండు ముట్టుకుంటే పొడిగా రాలుతోంది, నంబరు పలక మాత్రం అలాగే ఉంది. దారి పొడవునా వెనక చక్రం నా పక్కనే టిక్కు టిక్కుమంటూ వచ్చింది. మలుపు తిరిగిన చోట నేను ఆగితే అదీ ఆగింది. నేను నడిస్తే అదీ మొదలైంది. నా సైకిలుకి బుట్ట ఉందని వెక్కిరిస్తూ వాడు నా పక్కనే తొక్కుకుంటూ వచ్చే రోజుల్లో సరిగ్గా ఇంతే నెమ్మదిగా తొక్కేవాడు. ఎండ మాడు పగలగొడుతోంది, అయినా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పక్కకి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, ఆ ఖాళీని చూడ్డం ఇష్టం లేక చూడలేదు.

అన్నయ్య వాళ్ల వరండాలో, బట్టలారేసే కొక్కేనికి దాన్ని తగిలించాను. మేనకోడలు వచ్చి చూసి, ఎవరూ ముట్టుకోకుండానే చక్రం తిరుగుతోందంది. నిజమే. గాలి ఎక్కించే మూతి ఉన్న వైపు బరువు, అది కిందికి చేరేదాకా చక్రం మెల్లగా ఊగుతోంది. అదే దానికి చెప్పాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

అన్నయ్య పని నుంచి వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు. చేతిసంచి కింద పెట్టలేదు, లోపలికీ రాలేదు. పిల్ల ఏమీ తెలియనట్టు, దీన్ని బాగుచేసి ఇస్తావా నాన్నా అని అడిగింది. నేను మధ్యలో దూరలేదు. వదిన నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను. చాలాసేపటికి ఆయన, ముందు చూడాలి అన్నాడు. ఇన్నేళ్లలో ఆ సైకిలు గురించి ఆయన నోట ‘చూడాలి’ అనే మాట వినడం అదే మొదలు.

కాళ్లు చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, తడిగుడ్డ తీసుకుని కూర్చున్నాడు. హ్యాండిలు మధ్యలోని బోల్టు మీద ఏళ్ల తరబడి పేరుకున్న పిండీ నూనే గట్టిపడి పెచ్చులా ఉంది. దాన్ని గోటితో కొంచెం కొంచెంగా గీకాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన భుజం మీది నుంచి చూశాను. ముందు ఇనుము మీద ఎరుపు కనబడింది. నా గోళ్లరంగే. తర్వాత బోల్టు తల మీద. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎదురుగా లేవు. బోల్టు మీది ముక్క పక్కకి చాలా దూరం జరిగి ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, నీ తర్వాత ఎవరో తిప్పారు, వాడే తిప్పుకున్నాడు, నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదా అని గడగడా అనేశాను. వదిన కళ్లు తుడుచుకుంది. అన్నయ్య మాత్రం తలెత్తలేదు. బోల్టు అంచుల మీద వేలు పెట్టి తడుముతున్నాడు. ఆరు పలకలూ కొరికేసినట్టు గాట్లు పడి అరిగిపోయి ఉన్నాయి.

“ఇది స్పానర్ కాదు. పట్టకారు. వేడి ట్రేలు లాగే పట్టకారు. మిడత చచ్చినా బోల్టుకి పట్టకారు పెట్టడు” అన్నాడు.

ఆ ‘చచ్చినా’ అన్న మాట ఆయనకే వినబడి ఆగిపోయాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. పడిన రోజు హ్యాండిలు వంకరగా తిరిగి ఉంది, అది మేమిద్దరం చూశాం. ఇప్పుడు తిన్నగా ఉంది. అంటే ఆ తర్వాతే ఎవరో దాన్ని సరిచేసి బిగించారు. అలా బిగించేసరికి అంతకు ముందు గీత ఎక్కడుందో, అతికి ఉందో విడిపోయి ఉందో, ఇక ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు. నా వైపు తిరిగి చూశాడు. ఏళ్ల తరబడి తీర్పు కోసం నిలబడితే కోర్టే లేదన్నారన్నట్టుంది ఆ మొహం.

లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికని అడగలేదు నేను, వెనకే నడిచాను. మార్కెట్ వైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. తిన్నగా నడిచాడు.

బేకరీ ముందు లారీ ఆగి ఉంది. అద్దాల బీరువాలు అప్పటికే ఎక్కించేశారు, గచ్చు మీద వాటి కాళ్ల గుర్తులు మిగిలాయి. వెనక గదిలో పిన్ని ఒక్కతే, ఖాళీ రేకు డబ్బాలు తుడిచి ఒకదానిలో ఒకటి పెడుతోంది. పొయ్యి నోరు తెరుచుకుని చల్లగా ఉంది. గోడ మీద, సైకిలు వేలాడిన చోట, ఆ ఆకారం మేరకు సున్నం తెల్లగా మిగిలిపోయింది. రెండు చక్రాలు, ఒక హ్యాండిలు. అన్నయ్య ముందు దాన్నే చూశాడు. పిన్ని తలెత్తి ఈయన్ని చూసింది. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“పిన్నీ, ఆ బోల్టు నువ్వు బిగించావా?” అన్నాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

“నేనే” అంది.

చేతిలో గుడ్డ వదలకుండానే చెప్పింది. వాడు పోయిన మర్నాడు, ఆవిడ అన్నగారు, అంటే మిడత మేనమామ, సైకిలు పరీక్ష చేస్తానన్నాడట. ఎవడు బిగించాడో, ఎలా బిగించాడో తేలుస్తానని, వాణ్ణి ఊరికే వదలనని పదిమందిలో అన్నాడట. రెండో చెయ్యి గురించి, ఎర్ర గీత గురించి పిన్నికి అంతా తెలుసు. మిడత ఇంట్లో ఏదీ దాచుకునే రకం కాదు. అందుకని, ఆయన వచ్చేలోపలే ఆవిడ ఈ గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది.

“గోడ వైపు తిరిగి, చేత్తో తడుముకుంటూ బిగించాను. చేతికి దొరికింది ఆ పట్టకారే. గీత నేనూ చూళ్లేదు” అంది.

ఎందుకని నేనే అడిగాను.

“చూస్తే తెలిసిపోతుంది కదే. వీడి తప్పేనని తెలిస్తే, ఇంక వీడి మొహం నేనెలా చూడను? నావాడు ఎలాగూ పోయాడు. వీడైనా వస్తాడనుకున్నాను. రోజూ వచ్చే టైముకి వస్తాడు, ఇక్కడే కూర్చుంటాడు, వాడి కబుర్లు చెప్తాడు అనుకున్నాను. ఎన్నాళ్లో ఆ తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను.” డబ్బా కింద పెట్టింది. “నువ్వు ఈ వీధిలోకే రాలేదు కదరా.”

నాకు ఆవిడ మీద జాలి, ఈయన మీద పట్టరాని కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి. నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉంటావనుకున్నాను పిన్నీ అని అన్నయ్య గొణిగాడు. బయట లారీ డ్రైవరు, ఇంక బయల్దేరదామా అమ్మా అని కేకేశాడు.

“ఇప్పుడైనా వచ్చావుగా. వాడి కబురు ఒకటి చెప్పు, విని వెళ్తాను. ఏదైనా సరే. నువ్వూ వాడూ ఏం మాట్లాడుకునేవాళ్లు?” అంది పిన్ని.

అన్నయ్య నోరు తెరిచాడు. మూశాడు. నా వైపు చూశాడు, గోడ మీది తెల్లటి ఆకారం వైపు చూశాడు. నాకు అర్థమైంది. బెంచీ, బన్నులు, నంబరు పలకల పోట్లాటలు, అవేవీ ఆయన దగ్గర లేవు. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని కాపలా కాస్తూ కాస్తూ మిగిలిన మిడతనంతా ఎక్కడో పోగొట్టుకున్నాడు.

“ఏదీ గుర్తు రావట్లేదు పిన్నీ. వాడు పడిపోవడం తప్ప నాకేదీ గుర్తు రావట్లేదు” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పిన్ని ఆయన్ని ఓదార్చలేదు. బయటికి ఒక కేక వేసి, లారీని కాసేపు ఆగమంది. కట్టేసిన మూటల్లోంచి ఒక పీట లాగి, పొయ్యి పక్కన వేసి, కొంగుతో దుమ్ము తుడిచింది.

“అయితే కూర్చో. నేను చెప్తాను.”